పిస్తోలు చట్రములో నైలాను

మన పాత రేడియో పెట్టెలలో పెక్కింటికి పైతొడుగు బేకలైటు. నూతి చేదకు కట్టిన త్రాడు నైలాను. వంటింటి డబ్బాలు, పిల్లల బొమ్మలు, దువ్వెనలు ఒక్కొక్కటి ఒక్కొక్క రకపు ప్లాస్టిక్కు. వీనినన్నిటిని మనము ఒక్క పేరుతోనే పిలుచుచున్నాము. అంతేకాక వీనినన్నిటిని గూర్చి ఒక్క తీర్పే చెప్పుకొనుచున్నాము: ప్లాస్టిక్కు చౌక, ప్లాస్టిక్కు విరుగును. అట్టి ప్లాస్టిక్కుతో నేడు పెక్కు దేశముల పోలీసులు, సైనికులు ధరించు పిస్తోళ్ల చట్రములు తయారగుచున్నవని విన్నప్పుడు ఆశ్చర్యము కలుగుట సహజము. మందు పేలు చోట ప్లాస్టిక్కు నిలుచునా?

నిలువదు. కాని మందు పేలు చోట ప్లాస్టిక్కు లేదు. పిస్తోలులో ఏ భాగము ఏ పని చేయుచున్నదో తెలిసికొన్నచో ఈ రెండు మాటలకును వైరుధ్యము లేదని తెలియగలదు. తెలియనివారు రెండు విధముల పొరపడిరి. కొందరు ప్లాస్టిక్కు పిస్తోలు కంటికి చిక్కని మాయావస్తువని భయపడిరి. మరికొందరు ఉక్కు అవసరమే తీరిపోయినదని తలచిరి. మొదటి పొరపాటు ఒక దేశపు చట్టసభను కదలించినది. రెండవ పొరపాటు చేతివ్రేళ్లకే ముప్పు తేగలదు.

మొదట పిస్తోలు నిర్మాణమును చూతము. నేటి స్వయంచాలక పిస్తోలులో పైభాగమున గొట్టము, దానిని కప్పుకొని ముందువెనుకలకు జారు స్లైడు అను తొడుగు ఉండును. ఈ రెండును ఉక్కువి. క్రింది భాగము చట్రము. చేతి పిడి, తూటాల పెట్టె చొచ్చు ఖాళీ, మీట, దాని చుట్టునున్న కమ్మి అన్నియు చట్రములోనివే. 9 మిల్లీమీటర్ల తూటా పేలినప్పుడు గొట్టము మొదట పుట్టు పీడనము 2,300 వాతావరణ పీడనములకు చేరవచ్చును. మన వంటింటి ప్రెషరు కుక్కరు ఈల వేయునప్పుడు లోపలి పీడనము బయటి గాలి పీడనము కంటె సుమారు ఒక వాతావరణ పీడనము మాత్రమే ఎక్కువ. దీనిని బట్టి ఆ శక్తి ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

ఈ పీడనమును భరించునది ఉక్కు గొట్టము, దాని వెనుక ద్వారము మూసియుంచు ఉక్కు స్లైడు. గుండు గొట్టమును వీడుటకు సెకనులో వెయ్యవ వంతు కూడ పట్టదు. అంతవరకు గొట్టమును స్లైడును ఒకదానితో నొకటి బిగిసి, కలిసియే వెనుకకు కదలును. పీడనము తగ్గిన తరువాత గొట్టము క్రిందికి వాలి ఆగిపోవును. స్లైడు మాత్రము వెనుకకు పోయి, కాలిన గుల్లను బయటికి విసరి, స్ప్రింగు బలముతో మరల ముందుకు వచ్చి క్రొత్త తూటాను ఎక్కించును. చట్రము చేయవలసినవి మూడు పనులు: ఈ కదలికకు దారి చూపుట, చివర తగులు దెబ్బను ఓర్చుకొనుట, చేతికి పట్టు నిచ్చుట. అందుచేత చట్రము పేలుడును ఆపు గోడ కాదు. కదలెడి ఉక్కును మోయు వాహనము. ఇట్టి వాహనమునకు ఉక్కువలె బిరుసైన వస్తువు అక్కరలేదు. దెబ్బ తగిలినప్పుడు కొంచెము వంగి, వెంటనే తన ఆకృతికి రాగల వస్తువు చాలును.

ఇక ఆ వస్తువు ఎట్టిదో చూతము. ప్లాస్టిక్కులన్నియు పాలిమర్లు, అనగా చిన్న అణువులు వేలకొలది ఒకదాని వెంట నొకటి కూడి ఏర్పడిన పొడుగైన గొలుసులు. వీని స్వరూపము ఇట్టిదని 1920లో ప్రతిపాదించినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్. మొదట పలువురు ఆయన మాటను నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఈ గొలుసు పదార్థములలో రెండు జాతులున్నవి. కుమ్మరి కుండను ఆవములో కాల్చిన పిమ్మట అది మరల మట్టి కాదు. మొదటి జాతి అట్టిది. ఒక్కసారి వేడిచే గట్టిపడినచో మరల కరగదు. లక్కను కాచిన కరగును, చల్లార్చిన గట్టిపడును, మరల కాచిన మరల కరగును. రెండవ జాతి అట్టిది.

మొదటి జాతికి ప్రసిద్ధమైన ఉదాహరణము బేకలైటు. 1907లో లియో బేకలాండు దీనిని కనిపెట్టెను. ఇది వేడికి కరగదు, విద్యుత్తును సాగనీయదు. కావుననే రేడియో పెట్టెలకు, స్విచ్చులకు తగినదైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మను సైన్యపు వాల్తర్ పి 38 పిస్తోలు పిడికి ఇరువైపుల బేకలైటు పలకలు బిగించిరి. ఐనను చట్రము మాత్రము ఉక్కుదే. రేడియో పెట్టె చేజారి నేలబడినప్పుడు మూల పెచ్చు ఊడుట చూచినవారికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు. బేకలైటు గొలుసులు అన్ని దిశల ముడిపడి కదలలేవు. కదలలేని వస్తువు దెబ్బ తగిలినచో వంగదు, పగులును. పట్టుకొనుటకది పనికివచ్చినది కాని దెబ్బ ఓర్చుటకు పనికిరాలేదు.

దెబ్బ ఓర్చు వస్తువు మరియొక దారిలో వచ్చినది. అమెరికాలో డ్యూపాంటు సంస్థ పరిశోధనశాలలో వాలెస్ కెరోథర్సు బృందము 1935 ఫిబ్రవరి 28న నైలాను 66ను తయారుచేసెను. దానిని లోకమునకు ప్రకటించినది 1938లో. అంతకు ముందే, 1937లో, కెరోథర్సు తన ప్రాణమును తానే తీసికొనెను. తన వస్తువు లోకమంతట వ్యాపించుట ఆయన చూడలేదు. 66 అనగా అరువదియారు అని కాక, ఆరు ఆరు అని చదువవలెను. గొలుసులో ఒకటి విడిచి ఒకటిగ కూడు రెండు అణువులలోను ఆరేసి కర్బన పరమాణువులుండుటచే ఆ పేరు వచ్చినది. జర్మనీలో పాల్ ష్లాక్ 1938లో ఆరు కర్బనములుగల ఒకే అణువునుండి గొలుసు కట్టెను. అది నైలాను 6. ఈ కుటుంబమునకంతకును శాస్త్రనామము పాలిఅమైడు.

నైలాను బలమునకు మూలము గొలుసుల నడుమనున్న ఆకర్షణ. ఒక గొలుసులోని హైడ్రోజను, ప్రక్క గొలుసులోని ఆక్సిజనును తనవైపు లాగుచుండును. ఈ పట్టు బేకలైటులోని ముడివంటిది కాదు. దెబ్బ తగిలినప్పుడు కొంచెము సడలి, గొలుసులను జరుగనిచ్చి, మరల పట్టుకొనును. చేదత్రాడుగ, చేపల వలగ నైలాను మన్నుట ఈ గుణము వలననే. నైలాను 66 సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, నైలాను 6 సుమారు 220 డిగ్రీల వద్ద కరగును. ఎండలో నిలిపిన మోటారు కారులోని వేడి వీనిని కరగించు వేడికి బహుదూరము.

ఆయుధములలో నైలాను బలమును మొదట విరివిగ పరీక్షించినది పిస్తోలులో కాదు, రైఫిలులో. 1959లో అమెరికాలోని రెమింగ్టన్ సంస్థ నైలాను 66 అను పేరుతోనే ఒక చిన్న రైఫిలును విడుదల చేసినది. కఱ్ఱ మడమ బదులు నైలాను మడమ, అందులోనే ఉక్కు భాగములు జారు చాళ్లు. ఆ ఏడు టామ్ ఫ్రై అను గురికాడు గాలిలోనికి ఎగురవేసిన 1,00,010 కొయ్యముక్కలను ఈ రకపు రైఫిళ్లతో కొట్టగా ఆరు మాత్రమే తప్పిపోయినవి. ఈ రైఫిళ్లు పది లక్షలకు మించి తయారైనవి. ఉక్కు వస్తువు నైలాను చాళ్లలో ఏండ్ల తరబడి జారినను చెడదని దీనివలన రుజువైనది.

పిస్తోలు వంతు 1970లో వచ్చినది. జర్మనీలోని హెక్లర్ అండ్ కోఖ్ సంస్థ వి.పి. 70 అను పిస్తోలును ప్లాస్టిక్కు చట్రముతో నిర్మించెను. అది మొదటిదైనను బహుళ వ్యాప్తి పొందలేదు. వ్యాప్తి తెచ్చినది ఆస్ట్రియా దేశపు గ్లాక్ 17. ఆ దేశపు సైన్యము పాత వాల్తర్ పిస్తోళ్లకు బదులు క్రొత్తవి కావలెనని కోరగా, అంతవరకు సైనికులకు కత్తులు మొదలగునవి చేసి యిచ్చుచుండిన గాస్టన్ గ్లాక్ తన నమూనాతో పోటీకి వచ్చెను. ఆయన అంతకు ముందు పిస్తోలు చేసినవాడు కాడు. ప్లాస్టిక్కును అచ్చుపోయుట మాత్రము ఎరిగినవాడు. 1982లో ఆ సైన్యము ఆయన పిస్తోలునే ఎన్నుకొన్నది.

తూటాల పెట్టె తీసివేసిన గ్లాక్ 17 బరువు సుమారు 625 గ్రాములు. అంతా ఉక్కుతో చేసిన పాతకాలపు కోల్ట్ 1911 బరువు ఒక కిలోకు మించును. గ్లాక్ చట్రము నైలాను జాతికి చెందిన పాలిమరు. ఐనను స్లైడు జారు చోట నాలుగు చిన్న ఉక్కు పట్టాలను అచ్చులోనే పొదిగి చట్రమును పోయుదురు. గొట్టము తగిలి ఆగు చోటను ఉక్కు దిమ్మ యుండును. రాపిడి, గ్రుద్దుడు కల చోట ఉక్కు, తక్కిన చోట నైలాను అన్నమాట. ఉక్కు చట్రమును దిమ్మనుండి కోసి, తొలిచి, అనేక యంత్రముల మీద మలచవలెను. నైలానునైతే కరగించి అచ్చులోనికి త్రోసి, చల్లారగనే తీసివేయవచ్చును. చౌకయగుటకు కారణము వస్తువు హీనమగుట కాదు, పని తగ్గుట.

ఐతే పిస్తోలు చట్రములకు ఉత్త నైలాను సాధారణముగ చాలదు. పల్లెలలో మట్టిగోడ పెట్టువారు మట్టిలో గడ్డి త్రొక్కి కలుపుదురు. గడ్డి పోచలు గోడను పగులకుండ పట్టియుంచును. అట్లే పెక్కు సంస్థలు నైలానులో సన్నని గాజు పోగుల తునుకలను కలుపును. నూటికి ముప్పది పాళ్ల వరకు గాజు కలిపిన నైలాను సామాన్యముగ దొరకును. ఆ మేరకు కలిపినచో నైలాను బిరుసు సుమారు మూడింతలగును. అప్పటికిని ఉక్కు బిరుసు దానికి ఇరువది రెట్లు. కాని ఉక్కు బరువు దానికి అయిదింతలకు పైన. గాజును కలుపుటలోను మితి పాటింపవలెను. ఎక్కువైనకొలది వంగు గుణము తగ్గి పెళుసుదనము పెరుగును. అంతేకాక కరగిన నైలాను అచ్చులో రెండు పాయలుగ చీలి మరల కలిసిన చోట గాజు పోగులు ఒక పాయనుండి మరియొక పాయలోనికి దాటవు. అక్కడ ఒక బలహీనమైన గీత ఏర్పడును. ఆ గీత దెబ్బ తగులు చోట పడకుండ అచ్చును రూపొందించుటలోనే పనివాని నేర్పు తెలియును.

నైలానుకు మరియొక గుణము కలదు. అది గాలిలోని తేమను త్రాగును. వాన పట్టిన దినమున మృదంగపు శ్రుతి మారుట సంగీత ప్రియులకు తెలిసినదే. తోలుకు పట్టిన తేమ అందుకు కారణము. నైలాను 66 సాధారణమైన గాలిలో తన బరువులో నూటికి రెండున్నర పాళ్ల వరకు, నీట మునిగినచో ఎనిమిది పాళ్లకు పైన నీటిని పీల్చుకొనగలదు. నైలాను 6 ఇంకను కొంచెమెక్కువ పీల్చును. నీరు గొలుసుల నడుమ చేరి వాని పట్టును సడలించును. ఫలితముగ బిరుసు తగ్గును, దెబ్బ ఓర్చు శక్తి పెరుగును, కొలతలు కొంచెము ఉబ్బును. అచ్చునుండి అప్పుడే తీసిన ఎండు నైలాను కొంత పెళుసుగనే యుండును. గాజు పోగులు ఈ ఉబ్బును చాలవరకు అదుపులో ఉంచును. నైలాను 12 అను రకము తేమను బహు కొద్దిగ పీల్చును, కాని అది మెత్తన. సుమారు 180 డిగ్రీలకే కరగును. కావున చట్రములకు ఆరు జాతి నైలానులే ఎక్కువగ వాడుక పొందినవి.

మరి తక్కిన ప్లాస్టిక్కులెందుకు కావు? పాలికార్బనేటు దెబ్బను నైలాను కంటెను బాగుగ ఓర్చును. శిరస్త్రాణములకు, కంటి రక్షణ అద్దములకు అది శ్రేష్ఠము. కాని శుభ్రపరచుటకు వాడు కొన్ని ద్రావకములు తగిలినచో సన్నని బీటలు వారును. పిస్తోలును మాటిమాటికి నూనెతోను ద్రావకములతోను తుడువక తప్పదు కదా. ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కు నునుపుగ, అందముగ అచ్చులో కుదురును. ఇంటి యంత్రముల పైతొడుగులకు అదే వాడుక. కాని సుమారు నూరు డిగ్రీల వేడికే మెత్తబడును. ఎసిటాలు జారుడుగుణము గలది. పండ్ల చక్రములవంటి చిన్న భాగములకు ప్రశస్తము. నూనెలకు చెడక, వేడికి కరగక, దెబ్బకు పగులక, చౌకగ అచ్చుపోయుటకు వీలగు గుణములన్నియు ఒక్కచోట కూడినది నైలానులో. హెక్లర్ అండ్ కోఖ్ వారు 1993లో తెచ్చిన యు.ఎస్.పి. పిస్తోలు చట్రము కూడ గాజు కలిపిన నైలానే.

నైలానుకు శత్రువులు లేకపోలేదు. ఎండలోని అతినీల కిరణములు గొలుసులను క్రమముగ తెంచును. అందుకే అందులో మసి కలుపుదురు. మసి ఆ కిరణములను తానే పీల్చుకొనును. ఇట్టి చట్రములు పెక్కు నల్లగనుండుటకు ఇదియు ఒక కారణము. అతిశీతలము గొలుసుల కదలికను మందగింపజేయును. 1999లో కార్గిలు యుద్ధసమయమున హిమాలయ శిఖరములపై మన ఇన్సాస్ రైఫిళ్ల ప్లాస్టిక్కు తూటాల పెట్టెలు చలికి పగిలినవని వార్తలు వెలువడినవి. ఏ చోట వాడుదుమో ఆలోచింపక వస్తువును ఎన్నుకొనరాదని ఇట్టి అనుభవములు తెలుపుచున్నవి.

ఇక మొదట చెప్పిన రెండు పొరపాట్ల మాట. 1986లో అమెరికాలో ఒక పత్రికా రచయిత, గ్లాక్ పిస్తోలు విమానాశ్రయములలోని తనిఖీకి చిక్కదనియు, లిబియా దేశము దానిని కొనజూచుచున్నదనియు వ్రాసెను. గొప్ప కలవరము పుట్టినది. చట్టసభలో విచారణలు జరిగినవి. కాని పిస్తోలు బరువులో అత్యధిక భాగము ఉక్కే. గొట్టము, స్లైడు, స్ప్రింగులు ఎక్సురే తెరపై స్పష్టముగ కనబడును, లోహమును పసికట్టు ద్వారము క్రింద మ్రోగును. నైలాను చట్రము కూడ ఎక్సురేలో నీడగ కానవచ్చును. ఇంత జరిగిన పిమ్మట 1988లో ఆ దేశము ఒక చట్టము చేసినది. సుమారు 105 గ్రాముల స్టెయిన్‌లెస్ ఉక్కు ఎంత తేలికగ తనిఖీకి పట్టుబడునో, ప్రతి తుపాకియు కనీసము అంత తేలికగ పట్టుబడవలెను. గ్లాక్ పిస్తోలును ఆ చట్టము నిషేధింపలేదు, నిషేధింపవలసిన అవసరమును లేకపోయినది.

రెండవ పొరపాటు అంతకంటె ప్రమాదకరమైనది. చట్రము ప్లాస్టిక్కైనప్పుడు గొట్టము కూడ ఎందుకు కారాదు అని కొందరు తలచిరి. 2013లో అమెరికాలో దాదాపు అంతయు ప్లాస్టిక్కే యైన ఒంటితూటా పిస్తోలు ఒకటి ప్రకటితమైనది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్సు పోలీసులు పరీక్షకై అట్టివి రెండు చేసి పేల్చగా, ఒకటి ముక్కలు ముక్కలుగ పగిలిపోయినది. అది చేతిలో పట్టుకొన్నవాని గతి యేమగునో చెప్పనక్కరలేదు. ఉక్కు మాత్రమే భరింపగల పీడనమును ప్లాస్టిక్కుపై మోపిన ఫలమది. మన దేశములో 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతిపత్రము లేక తుపాకి తయారుచేయుట నేరము. ఆ చట్టము ఇతరులకే కాక చేయువానికిని రక్షణయే.

కావున ప్లాస్టిక్కు గట్టిదా, కాదా అను ప్రశ్నకు సమాధానము లేదు. ఏ ప్లాస్టిక్కు, ఏ పనికి, ఏ చోట అని అడిగినప్పుడే సమాధానము దొరకును. బేకలైటు రేడియోకు గృహమిచ్చినది, పిస్తోలు దెబ్బకు తాళలేదు. నైలాను ఆ దెబ్బకు తాళినది, పేలుడుకు తాళదు. పేలుడుకు తాళునది నేటికిని ఉక్కే. చట్రము మారుటచే పిస్తోలు బరువు తగ్గినది. దానినుండి వెలువడు గుండు చేయు హాని మాత్రము ఏమాత్రము తగ్గలేదు. పిడి తేలికయైనంత మాత్రమున దానిని పట్టిన చేతిపైనుండు బాధ్యత తేలిక కాదు.